కారణం చెప్పని కంపైలర్

మా రోజుల్లో మదనపల్లెలో కంప్యూటర్ నేర్చుకోవాలంటే ప్రైవేటు సెంటర్లే దిక్కు. మా ఊళ్లో మిట్స్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది 1998లో, కుప్పం ఇంజనీరింగ్ కాలేజీ 2001లో. పుంగనూరు పిల్లోళ్లు బస్సులో వచ్చి, ఒక్కో మిషన్ ముందు ఇద్దరు ముగ్గురు సర్దుకుని టర్బో సి నేర్చుకునేవాళ్లు. అందులో స్టాక్‌కు మామూలుగా దక్కేది 4 కిలోబైట్లే. రికర్షన్ రాస్తే ఎంత లోతుకు పోతుందో ముందే కాగితం మీద లెక్క వేయించేవాణ్ణి. లెక్క తప్పితే, ఆప్షన్ పెట్టుకున్నవాళ్లకు ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ అని చెప్పి ప్రోగ్రాం ఆగేది. ఆ టర్బో సి పేదదే గానీ, ఏమైందో చెప్పేది.

ఇప్పటి కంపైలర్లు చాలా తెలివైనవి, కాదనను. ఒక ఫంక్షన్ చేసే చివరి పని ఇంకో ఫంక్షన్‌ని పిలవడమే అయితే, కొత్త ఫ్రేమ్ వెయ్యకుండా పాతదాని చోటే వాడుకుంటాయి. కోటిసార్లు పిలిచినా స్టాక్ పెరగదు. 1975లో స్టీల్, సస్‌మన్ స్కీమ్ భాషను తెచ్చిన నాటి నుంచీ ఉన్న విద్య ఇది, టెయిల్ కాల్. నా గొడవంతా అది కుదరనప్పుడు ఈ కంపైలర్లు నోరు మెదపకపోవడం గురించే.

కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు పోయి వచ్చే నా పాత విద్యార్థి ఒకడున్నాడు. వాడి ప్రాజెక్టులో టెయిల్ కాల్‌తో బాగా నడుస్తున్న సి++ ఫంక్షన్‌లో ఎవరో లాగ్ కోసం ఒక స్ట్రింగ్ వేరియబుల్ చేర్చారు. దాని డిస్ట్రక్టర్, ఆ చివరి కాల్ ముగిశాకే నడవాలి. అంటే కాల్ ఇక చివరి పని కాదు. ఆప్టిమైజేషన్ పోయింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. పెద్ద డేటా వచ్చిన రోజు ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’. పాపం, వాడు రాత్రంతా వెతికాడు.

ఈ కాల్ టెయిల్ కాల్ కావాల్సిందేనని చెప్పే మస్ట్‌టెయిల్ గుర్తు రాసుకోవచ్చు కదా అంటారు. క్లాంగ్ కంపైలర్ 13వ వెర్షన్‌లో వచ్చింది, 2021లో. జీసీసీకి 2025లో, 15వ వెర్షన్‌తో వచ్చింది. మంచిదే. కానీ క్లాంగ్ వెనకుండే ఎల్‌ఎల్‌వీఎం లోపలి దశల్లో కుదరకపోతే, మస్ట్‌టెయిల్ పెట్టిన చోట టెయిల్ కాల్ చెయ్యలేకపోయానని చెప్పి కూలిపోతుంది. ఏ లైను? ఎందుకు? చెప్పదు. జీసీసీలో అయితే ‘వేరే కారణాలు’ అనే సందేశం కూడా ఉంది! మండలాఫీసులో అర్జీ మీద ‘ఇతర కారణాల వల్ల తిరస్కరించడమైనది’ అని రాసి పంపితే ఊరుకుంటామా?

చెప్పడం సాధ్యం కాక కాదు. స్కాలాలో టెయిల్‌రెక్ గుర్తు పెడితే, ఏ కాల్ చివరన లేదో ఆ లైనే చూపించి ఆపేస్తుంది. క్లోజర్‌లో రికర్‌ను తప్పుచోట పెడితే వెంటనే పట్టుకుంటుంది. సి, సి++లో కారణాలు ఇంకా ఎక్కువ, నిజమే: లోకల్ వేరియబుల్ అడ్రస్ బయటికి పోవడం, ఆర్గ్యుమెంట్లకు స్టాక్‌లో చోటు చాలకపోవడం, కాలింగ్ కన్వెన్షన్ కలవకపోవడం. వద్దని తేల్చిన చోట కంపైలర్ దగ్గర ఆ కారణం ఉంటుంది. దాన్ని లైను నంబరుతో సహా బయటికి తేవడమే మిగిలిన పని.

ఈ కాలం పిల్లలు ఎర్రర్ చదవకుండా ఏఐకి అతికిస్తారని కోప్పడుతుంటాను. చదవమని గట్టిగా చెప్పాలంటే అందులో చదవదగ్గ మాట ఉండాలి కదా.

క్లాంగ్, జీసీసీ రెండూ ఓపెన్ సోర్సే. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో బీటెక్ చదివే పిల్లలారా, ఫైనలియర్ ప్రాజెక్టుకు ఎవరో చేసేసింది కొనుక్కోకండి. ఈ సందేశాల్లో ఒక్కటి తీసుకుని, కారణం చెప్పేలా దిద్ది ప్యాచ్ పంపండి.