తోడు వచ్చేవారి పేరు

కంటి శిబిరానికి పేర్లు రాయించుకోవడం ఒక పూట పని. మైకులో చాటింపు వేస్తారు, ముసలివాళ్ళు బడి వరండాలో వరుసగా కూర్చుంటారు, టార్చి వేసి చూసి శుక్లం ముదిరినవాళ్ళకు చీటీ ఇస్తారు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. జనం తోపులాటలో సగం గడులు ఖాళీగానే ఉండిపోతాయి. ఆపరేషన్ తేదీలోపు వాటిని ఫోన్లు చేసి నింపాలి. కర్నూలు పడమటి మండలాల పేర్లూ, కడప, రాయచోటి వైపు పేర్లూ ఉన్న పట్టిక ఒకటి అలా నా చేతికి వచ్చింది.

వయసు గడి తేలిగ్గానే నిండింది. ఆధార్ కార్డు మీది వయసు తనది కాదని గట్టిగా చెప్పిన ఆదోని పెద్దాయన ఒకాయన, "కర్నూలు రాజధాని అయిన ఏడు పుట్టినా, లెక్క నువ్వే ఏసుకో" అన్నాడు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. అంతకంటే నమ్మదగిన దాఖలా నాకు ఇంకేం కావాలి?

షుగర్ గడి దగ్గర మాత్రం తొందరపడకూడదు. "తెలీదు" అన్నవాళ్ళను "లేదు" అని రాసేస్తే నష్టపోయేది వాళ్ళే. షుగర్ అదుపులో లేనివాళ్ళకు చీము పట్టే ప్రమాదం ఎక్కువ. అందుకని ఆపరేషన్ చేసేచోట పరీక్ష చేసి చూసి, ఎక్కువుంటే వెనక్కి పంపేస్తారు. అంత దూరం బస్సులో వచ్చి, పరగడుపున కూర్చుని, కన్ను అలాగే పెట్టుకుని తిరిగిపోవడం ఎంత కష్టమో! ఊళ్ళో ఆశా కార్యకర్తను పట్టుకుని ముందే పరీక్ష చేయించుకోమని ఒక్కొక్కరికీ చెప్పాను.

అన్నిటికంటే ఎక్కువగా ఖాళీ ఉన్నది చివరి గడి. తోడు వచ్చేవారి పేరు.

ఈ గడి ఎందుకని చాలామంది అడిగారు. ఆపరేషన్‌దేముంది, ఒక్కో కంటికి ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఆ తర్వాతి రోజులే కష్టం. కట్టు విప్పేదాకా చెయ్యి పట్టుకు నడిపించే మనిషి కావాలి. చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు వేయాలి, అదీ వారానికొక లెక్క. కంట్లో నీళ్ళు పడకూడదు, పొయ్యి ముందు కూర్చుని ఊదకూడదు, బరువెత్తకూడదు. ఒంటరి మనిషి ఇవన్నీ ఎలా పాటిస్తుంది? అందుకే తోడు లేనివాళ్ళను చేర్చుకోవద్దని శిబిరంవాళ్ళ నియమం. ఆ నియమం సరైనదేనని ఇప్పటికీ అంటాను. కానీ దేశంలో 2015-19 మధ్య జరిగిన సర్వే ప్రకారం యాభై దాటినవాళ్ళలో చూపు పోయినవారిని లెక్కతీస్తే, మూడింట రెండు వంతుల మందికి కారణం ఆపరేషన్ చేయించుకోని శుక్లమే. చేయించుకోకపోవడానికి పేదలు చెప్పే కారణాల్లో డబ్బుతో పాటు తరచు వినిపించే మాట, తీసుకుపోయేవాళ్ళు లేరని. ఆపరేషన్ ఉచితంగా చేస్తామన్నా మనిషి తోడును ఉచితంగా ఇవ్వలేం కదా.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నంబర్లకు ఫోన్ చేస్తే ఒకటే జవాబు. "సుగ్గికి పోయినారు సార్." మిరపకాయల కోతలకు గుంటూరు వైపు తరలిపోయారన్నమాట. ఆ రోజుల్లో ఆ పల్లెల్లో వీధులకు వీధులు తాళాలు వేసి ఉంటాయి. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్ళూ, బడికిపోయే పిల్లలూ. ఒక ఇంట్లో ఫోనెత్తిన ఆడపిల్ల నా మాటంతా శ్రద్ధగా విని, "మా జేజినాయనకు నేనే తోడొస్తా, రాసుకోండి" అంది. వయసు అడిగాను. పదేళ్ళు. ఐదో తరగతి. రాసుకోలేకపోయాను. చివరికి ఒకే వీధిలో ఉన్న ముగ్గురు ముసలివాళ్ళను ఒక జట్టు చేసి, సుగ్గికి పోకుండా ఉండిపోయిన ఒకామెను ముగ్గురికీ తోడుగా ఒప్పించాం. కూలి పోతుంది కాబట్టి ఆమెకు కూలి డబ్బులు ఇవ్వాలని పట్టుబట్టి ఇప్పించాం. ఇలాంటి శిబిరాలు పెట్టేవాళ్ళు లెన్సు ఖర్చు, బస్సు ఖర్చుతో పాటు ఈ ఖర్చు కూడా ముందే రాసుకోవాలి.

ఇక రాయచోటి వైపు ఒక అవ్వ. ఆమె వరుసలో ఊరు, పేరు తప్ప ఏమీ లేదు. ఫోను నంబరు ఎదురింటి పిల్లాడిది. వాడు పరిగెత్తుకుపోయి అవ్వకు ఫోనిచ్చాడు.

"అవ్వా, ఆపరేషన్‌కు నీతో తోడెవరొస్తారు?"

"దానికేం నాయనా, మా పాప ఉంది గదా!" అంది అవ్వ. "ఈ కండ్ల పని దానికి తెలిసినట్ల ఇంకెవురికీ తెలీదు. ఒక పెద్దామెకు రెండు కండ్లూ ఆపరేషనైతే మా పాపే చూసుకుంటాంది. గంట కొట్టినట్ల చుక్కలేస్తాది. రాత్రి మంచం కాడే పండుకుంటాదంట. పాప లేకుంటే ఆ యమ్మకు కాలూ చెయ్యీ ఆడదంట."

"ఆస్పత్రిలో పనా అవ్వా?"

"ఆస్పత్రికీ పిల్చకపోతాది, ఇంట్లోనూ చూసుకుంటాది. నాకేమన్నా అడిగితే తెలీదు గానీ పాపనడుగు నాయనా. నా మాత్తర్లు గూడా దానికే నోటికొచ్చు. నంబరు ఈ పిల్లోడు పంపిస్తాడు."

నా ప్రాణం కుదుటపడింది. కడపలో ఏ ఆస్పత్రిలోనో ఆయాగానో నర్సుగానో ఉన్న కూతురు. పట్టికలో ఎవరికీ ఇంత మంచి తోడు దొరకలేదు. అవ్వ చెప్పిన పేరు తోడు గడిలో రాసేశాను.

కాసేపటికి నంబరు వచ్చింది. 965తో మొదలయింది.

కువైట్. రాయచోటి, రాజంపేట, కోడూరు పల్లెల్లో ఆ మూడంకెలు తెలియని ఇల్లు తక్కువ. అక్కడ ఇళ్ళలో పనికి ఇచ్చేది ఇరవయ్యో నంబరు వీసా. ఒప్పందం రెండేళ్ళు. మధ్యలో రావాలంటే కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, ఒప్పుకోవాలి, టికెట్టుకు డబ్బుండాలి. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకు ముప్పై ఏళ్ళు నిండి ఉండాలని మన ప్రభుత్వ నిబంధన. అది వాళ్ళ రక్షణ కోసం పెట్టిందే. కానీ ముప్పై నిండి వెళ్ళేవాళ్ళంటే ఎవరు? ఇంట్లో బడికిపోయే బిడ్డలూ, కళ్ళు మసకబారుతున్న తల్లులూ ఉన్నవాళ్ళే.

ఖాళీ గడులన్నీ వాట్సాప్‌లో రాసి పంపాను. వాళ్ళకూ మనకూ రెండున్నర గంటల తేడా. అర్ధరాత్రి దాటాక వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు తగ్గించి, గబగబా చెప్పింది.

"సార్, అమ్మకు అరవై ఎనిమిది. షుగర్ మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి. బీపీ లేదు. పెన్సిలిన్ సూది పడదు, అది మాత్రం ఎర్ర పెన్నుతో రాసుకోండి. చుక్కలేసేటప్పుడు పైనుంచి పొయ్యకూడదు సార్, కింది రెప్ప రవ్వంత లాగి ఒక్క చుక్కే వెయ్యాల. రెండో మందుకు అయిదు నిమిషాలు ఆగాల. అమ్మ నిద్రలో కన్ను నలుపుకుంటాది, రాత్రిపూట కంటికి మూత పెట్టి ప్లాస్టరేయండి. తోడు కాడ నా పేరు రాసినారంట, నేను రాను సార్, అగ్రిమెంటు ఇంకా పదైదు నెలలుంది. ఆ గడిలో ఎవరినన్నా మీరే చూసి రాసుకోండి, కూలి ఎంతైనా నేను పంపిస్తా..."

వెనకనుంచి ఎవరో అరబ్బీలో పిలిచారు.

"పెద్దామె లేసింది సార్, చుక్కలేసే టైమయింది. ఉంటా."