కణుపు

మా సైన్సు సారు కలుపు పాఠం క్లాసులో చెప్పేవారు కాదు. బడి వెనక చేలోకి తీసుకెళ్ళేవారు. ఓసారి ఒకడు అడిగాడు, వయ్యారిభామను కాంగ్రెస్ గడ్డి అని ఎందుకంటారని.

“అమెరికా గోధుమల్తోని వచ్చిందంటరు. 1950లల్ల పుణె దిక్కు కనబడ్డది. అప్పుడు రాజ్యం ఎవరిదో ఆళ్ళ పేరు పెట్టిన్రు జనం. పుస్తకంల పేరు పార్థీనియం. అది ఎవరికి యాదుంటది?”

సారు ఖేడ్‌లోనే రిటైరయ్యారు. నారాయణఖేడ్‌ను మేం ఖేడ్ అనే అంటాం. ఆయన ఇంటి వెనక పెద్ద వేపచెట్టు. దాని నీడలో బంతి వేస్తే సన్నగా సాగి పడిపోయేది. చామంతి మొగ్గ తొడిగేది కాదు. వానలకు మొలిచే ఉత్తరేణి, పిప్పింట, గోడ వారగా ఎండ తగిలే చోట గునుగు. అక్కడ పచ్చదనమంటే అదే.

పట్నం వెళ్ళినప్పుడు ఒక నర్సరీలో ఆయనకు ఒక మొక్క నచ్చింది. నల్ల కవరులో పిడికెడు తీగ, మెరిసే ఆకు, పసుపు పువ్వు. పేరు వెడేలియా. నీడలోనూ పెరుగుతుంది, ఎక్కువ నీళ్ళు అడగదు, ఊరికే పాకుతుంది అన్నాడు నర్సరీ అతను. మూడూ నిజమే.

మొదటి వానాకాలానికే వేప కింద నేల కనబడలేదు. సారు మురిసిపోయారు. ఆ ఇంటికి పాత విద్యార్థులు వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివాడికీ జానెడు తీగ తెంపి, తడి పేపరులో చుట్టి ఇచ్చారు. నాకూ ఇచ్చారు.

రెండో ఏడు బతుకమ్మకు సారు ఇల్లాలు తాంబాళం పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చింది.

“ఇన్నేండ్లల్ల గునుగు కొనలే మనం. యాడ పోయింది?”

ఆయన వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని తీగ పైకెత్తారు. కింద నేల చీకటిగా ఉంది. తీగ మీద తీగ, జానెడు మందం. కణుపు కణుపుకూ ఎదురెదురుగా రెండు ఆకులు, నేల తగిలిన ప్రతి కణుపు దగ్గరా తెల్లటి వేళ్ళు. ఉత్తరేణి లేదు. పిప్పింట లేదు. గునుగు మొలక ఒక్కటి, పాలిపోయి, వెలుగు కోసం పక్కకు వంగి ఉంది.

ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు, చదివారు. ప్రపంచంలో అన్నిటికన్నా చెరుపు చేసే నూరు ఆక్రమణ జీవుల పేర్లతో ప్రకృతిని కాపాడే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళు వేసిన జాబితా ఒకటుంది. అందులో ఈ తీగ ఉంది. చెరువుల్ని కప్పేసే గుర్రపుడెక్క ఉంది. అడవుల్ని కమ్మేసిన లాంటానా ఉంది. మూడింటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. మూడింటినీ ఇక్కడికి తెచ్చింది అందం కోసమే. లాంటానాను 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో పెంచారు. అక్కడి నుంచి అది నడిచిన దూరం మన అడవులన్నిటికీ తెలుసు.

ముందు తీగను ఆపాలని చూశారు. చుట్టూ అడుగు లోతు తవ్వి షాబాదు బండలు నిలువుగా పాతారు. ఆదివారం ఆదివారం కత్తెర పట్టుకుని బండల అంచున తిరిగేవారు. ఒక వారం ఒంట్లో బాగాలేక వెళ్ళలేదు. తీగ బండ మీదుగా ఇవతలికి వాలి, దిగిన చోటల్లా వేరు పెట్టింది.

తెంపిన ముక్క ఒకటి బండ మీద మరిచిపోయారు. ఎనిమిది రోజులు ఎండలో ఉంది. ఆకులు నల్లబడి రాలాయి. వాన పడ్డ మూడో నాడు చూస్తే, కణుపు దగ్గర నువ్వుగింజంత తెల్లటి వేరు. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని నాకు చూపించారు. దానికి గింజతో పెద్దగా పని లేదన్నారు, కణుపు చాలన్నారు.

అప్పుడు మొత్తం పీకేయాలని నిశ్చయించారు. మాది నల్లరేగడి. ఎండినప్పుడు లాగితే తీగ తెగుతుంది, కణుపు లోపలే ఉంటుంది. అందుకని వాన వెలిసిన పూట చూసుకుని, వేలితో మట్టి కదిలించి, వేరుతో సహా తీసేవారు. పీకినదాన్ని చెత్తబండికి ఇవ్వలేదు, మోరీలో వేయలేదు. మూతపెట్టిన డ్రమ్ములో నీళ్ళు పోసి నెలల తరబడి కుళ్ళబెట్టారు.

“ఒక్క కణుపు గోడ దాటనియ్య” అనేవారు.

రెండు వానాకాలాలు నడుం వంచి చేశారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై. ఐదో ఏడు గోడ వారగా గునుగు మొలిచింది. నాలుగు మొక్కలే. ఆయన పిలిచి చూపించినప్పుడు నా కళ్ళు చెమర్చాయి.

నాలుగు మొక్కల పువ్వు బతుకమ్మకు చాలదు. మంజీర వైపు పల్లెలో ఉండే పాత విద్యార్థి ఒకడు ఆ రోజే వచ్చాడు. “మా చెరువు కట్ట మీద మస్తుగ ఉంటుండె సార్, చూద్దాం పాండ్రి” అన్నాడు. ముగ్గురం వెళ్ళాం.

కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా పచ్చగా ఉంది. నీళ్ళ అంచు వరకూ పసుపు పువ్వులు. ఒక పిల్ల ఖాళీ సంచి పట్టుకుని గునుగు వెదుకుతోంది.

సారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. తీగ పైకెత్తి కింద నేల చూశారు. మావాడు తల తిప్పి నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఇదేం తీగ బిడ్డా?” అని అడిగారు సారు.

ఆ పిల్ల తలెత్తకుండానే చెప్పింది.

“సారు తీగ.”