గడ్డి తగలని గాలం

గాలమన్న చెరువు నుంచి తిరిగొచ్చినప్పుడు "చేపలు పడ్డయా అన్నా?" అని అడగకూడదు. "గడ్డి పడ్డదా?" అని అడగాలి. అప్పుడు చూడాలి ఆ మొహం. "ఒక్క పోచ తగల్లేదు తమ్మీ!" అంటాడు. చేప కూడా తగల్లేదన్న సంగతి అతని లెక్కలోకి రాదు.

ఆరాంఘర్ చుట్టుపక్కల ఏ కాలనీకి పోయినా ఇలాంటి అన్న ఒకడుంటాడు. వారమంతా ఎయిర్‌పోర్టులోనో కాటేదాన్ కార్ఖానాలోనో ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తాడు. ఆదివారం తెల్లారకముందే బండికి రాడ్డు కట్టుకుని ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల కింద నుంచి మాయమైపోతాడు. పోవడానికి చోట్లకేం కొదవ? ఒకపక్క 1927 నాటి హిమాయత్‌సాగర్, ఇంకోపక్క జూపార్కు వెనక 21 కమాన్ల కట్టతో మీరాలం చెరువు, నడుమ పేర్లు మాత్రమే మిగిలిన కుంటలు.

అతని ప్రాణం కొర్రమీను. అతని శత్రువు గుర్రపుడెక్క. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టిన మొక్క, ఊదాపూలు ముచ్చటగా ఉన్నాయని మనుషులు మోసుకొస్తే వచ్చి, మన చెరువుల్లో తిష్ఠవేసింది. కొర్రమీనుకు 2016లో రాష్ట్ర చేప హోదా వచ్చింది గానీ బుద్ధి మారలేదు. కాపురం ఆ డెక్క కిందే. నీళ్లలో ఊపిరాడకపోతే పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి మళ్లీ కిందికి పోతుంది. పైన కప్ప కదిలిందా, లటుక్కున అందుకుంటుంది. కాబట్టి ఎర డెక్క మీద నుంచే నడిచి రావాలి. మామూలు గాలం వేస్తే పూటకు సరిపడా ఆకులొస్తాయి.

అమెరికాలో బాస్ అని ఒక చేపుంది. అదీ ఇట్లాగే నాచులో నక్కే రకం. అక్కడివాళ్లు దానికోసం జింక వెంట్రుకలతో ఎరలు చుట్టుకుంటారు. గడ్డి పట్టుకోకుండా గాలానికి నైలాన్ దారం అడ్డం కడతారు. పేరు వీడ్ గార్డ్. గాలమన్న ఫోన్లో ఈ ముక్క చూసిన రోజు నుంచి మనిషి మనకు దక్కలేదు.

జింక వెంట్రుకల దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. జింక మన రాష్ట్ర జంతువు, కొర్రమీను రాష్ట్ర చేప. దాని వెంట్రుకతో దీన్ని పడదామంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. అందుకని పాత హవాయి చెప్పు కోసి కప్ప ఒళ్లు చేస్తాడు. చికెన్ సెంటర్లో అడిగి తెచ్చిన పుంజు మెడ ఈకలు కాళ్లు. చుట్టడానికి దర్జీ దారం, గార్డుకు తంగూసు.

పక్కన కూర్చుంటే చూపిస్తాడు. కొక్కెం వంపు దగ్గర తంగూసు ముక్కను ముందే కట్టి వెనక్కి వదిలేస్తాడు. ఈకలూ రబ్బరూ చుట్టడం అయ్యాక దాన్ని ములుకు కింద నుంచి ముందుకు లాగి, కొక్కెం కన్ను దగ్గర బిగిస్తాడు. ములుకు కన్నా రవ్వంత కిందికి వంగిన వంక తయారవుతుంది. గడ్డి వస్తే దాని మీద నుంచి జారిపోవాలి. చేప కరిస్తే అది అణిగి ములుకు బయటపడాలి. తంగూసు సన్నదైతే గడ్డి గెలుస్తుంది, లావైతే చేప గెలుస్తుంది. "మరి నువ్వెప్పుడు గెలుస్తవన్నా?" అని అడిగిన తమ్ముడికి ఆ రోజు చాయ్ దక్కలేదు.

పరీక్షకు చెరువు దాకా పోనక్కర్లేదు. వదిన తెచ్చుకున్న తోటకూర కట్ట విప్పి నేలమీద పరిచి, దాని మీదుగా ఎరను మెల్లగా లాగుతాడు. ఆకు తగలకపోతే పిల్లలు చప్పట్లు కొట్టాలి. తగిలితే వదిన తగులుకుంటుంది. మొన్నొక ఎర తోటకూర దాటింది, మెంతికూర దాటింది, పోయి పోయి ఆరేసిన పట్టుచీర కొంగుకు పట్టుకుంది.

కట్టీ కట్టీ ఆ గార్డు గుణం మనిషికే అబ్బింది. గ్యాస్ బుకింగు, పిల్లదాని ఫీజు, మామగారి కంటి ఆపరేషను, ఏ పనీ అతన్ని పట్టుకోలేదు. అన్నీ పైనుంచి జారిపోతాయి.

చెరువు దగ్గర గడ్డి ఒక్కటే కాదు, మనుషులూ అడ్డొస్తారు. చేపల మీద హక్కు మత్స్యకారుల సంఘానిది. కావలి తాత కర్ర ఊపుకుంటూ వస్తాడు. "ఎవర్నడిగి ఏస్తున్నవ్ సారూ?"

"పట్టడానికి కాదు తాతా, గార్డు టెస్టింగు."

తాత ఎరను అరచేతిలో తిప్పి చూశాడు. తంగూసును బొటనవేలితో నొక్కాడు. అది అణగలేదు. "దీనికి చేప పడదు. కూసో" అని పక్కన చోటిచ్చాడు.

ఒక నీతి మాత్రం గాలమన్న తప్పడు. నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే రాడ్డు మడిచేస్తాడు. కొర్రమీను పిల్లల్ని వదలకుండా కాపలా కాస్తుంది. ఆ టైములో పెద్ద చేపను పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. పాపం అంటాడు. ఆ పాపం చేసే యోగ్యత తన ఎరకు లేదన్నది తాత అభిప్రాయం.

మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు ఇంట్లో చేప వండకపోతే ఒప్పుకునేదెవరు? వదిన డబ్బులు చేతిలో పెట్టి, గాలం మాటెత్తకుండా మార్కెట్‌కు పొమ్మంది. రాంనగర్ మార్కెట్లో తొట్టి నిండా కొర్రమీన్లు, తలలెత్తి గాలి మింగుతున్నాయి. గాలమన్న దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఎట్ల పట్టిన్రమ్మా?"

"వలేసి."

"మరి గడ్డి రాదా?"

"వస్తది బిడ్డా. ఏరి పారేస్తం. కిలోనా, రెండు కిలోలా?"

ఇంటికొచ్చి పులుసుతో రెండు ముద్దలు తిన్నాడో లేదో, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "వలకు గార్డు కడితే ఎట్లుంటదంటవ్?"

వదిన ఏమీ అనలేదు. లేచిపోయి తోటకూర కట్టను ఫ్రిజ్‌లో దాచింది.