మణికట్టు మీద కాపలా

నేను స్మార్ట్ వాచీని. హైదరాబాదులో ఉద్యోగం చేసే అమ్మాయి సంక్రాంతికి వచ్చి నన్ను వాళ్ల నాన్న చేతికి కట్టింది. నేను చెప్పే లెక్కలు తన ఫోన్లో కూడా కనపడేలా ఆయన్ని అడిగే పెట్టుకుంది. ఊరు గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర. నల్లరేగడి. కాస్త సొంత పొలం, మిగతాదంతా కౌలు. కొంత పత్తి, ఎక్కువ మిర్చి.

నా అడుగున పచ్చటి దీపం ఉంటుంది. రక్తం ఆ వెలుతురును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అందులో వచ్చే హెచ్చుతగ్గుల్ని బట్టి నాడి లెక్కగడతాను. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎంత మారుతోందో చూసి ‘స్ట్రెస్’ అని ఓ అంకె వేస్తాను. మందు ట్యాంకు వీపున మోసినా, జ్వరం తగిలినా, అప్పు గుర్తొచ్చినా ఆ అంకె పెరగొచ్చు. ఎందుకు పెరిగిందో తెలుసుకోవడం నావల్ల కాదు. చెమటకి పట్టీ జారితే నాడి కూడా సరిగ్గా అందదు.

ఈయన మిర్చి అప్పులు 2021-22 నాటివి. ఆ ఏడు నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలు తినేసింది. తర్వాత క్వింటా ఇరవై వేలు దాటిన రోజులు చూసి కౌలు పెంచుకున్నాడు. 2025 ఫిబ్రవరికి కాయ కల్లంలో ఎండుతుండగానే యార్డులో ధర జారిపోయింది. కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించింది. కోత కూలీలు, కౌలు, కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చిన పెట్టుబడి కలిపి చూసుకుంటే ఆయనకది చాలదు.

రాత్రిళ్లు మంచం మీద కదలకుండా పడుకునేవాడు. కదలని మనిషిని నిద్రలో ఉన్నట్టు లెక్కేయడం నాలాంటి వాటికి మామూలే. కానీ నాడి దిగేది కాదు. నడిరాత్రి లేచి అడుగులు వేసేవాడు. ఆ అడుగులే అమ్మాయి కంటబడ్డాయి.

“నాన్నా, రాత్రి రెండింటికి ఎక్కడ తిరుగుతున్నావ్?”

“కల్లంలో కాయలున్నాయిగా అమ్మా, కాపలా.”

అమ్మాయి అంతటితో వదల్లేదు. తల్లికి ఫోన్ చేసింది. “అన్నం కెలికి లేస్తన్నాడే. నలుగురిలోకి రావడం మానేశాడు. ఇంక నేనెందుకు అంటన్నాడు” అందామె. ఆ చివరి మాట నా దీపానికి ఏనాటికీ అందేది కాదు.

మర్నాడే బస్సెక్కి వచ్చింది. తండ్రి పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టని చాలామంది జంకుతారు. నిజానికి అడగడమే మేలు. చాలాసేపటికి ఆయన తలూపాడు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు అప్పటికప్పుడే వేరేచోటికి చేర్చింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్‌కి ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చింది. అవతలివాళ్లు తెలుగులో, తొందరపెట్టకుండా విన్నారు. ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవమన్నారు. మందులు మొదలయ్యాయి. అప్పు అలాగే ఉంది. ఆయన మాత్రం మళ్లీ పొలానికి వెళుతున్నాడు, పూటకింత తింటున్నాడు.

ఈ అమ్మాయి అడిగినట్టే అడగడానికి పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆరోగ్య పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. నిద్ర పడుతోందా, పనిమీద మనసు పోతోందా అని వాళ్లు ఇల్లిల్లూ తిరిగి అడిగేవారు. అవసరమైనవాళ్లని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపి, మళ్లీ వెళ్లి కనుక్కునేవారు. హర్యానాలో, పశ్చిమ గోదావరిలో జరిపిన పరీక్షలో కుంగుబాటు తగ్గిందని తేలింది. నా అంకెలకన్నా ఆ పద్ధతి మీదే నాకు నమ్మకం ఎక్కువ. గుంటూరు, ప్రకాశం మిర్చి ఊళ్లకీ అది రావాలి. కౌలు రైతు గడప ముందు తొక్కాలి.

మీ ఇంట్లో ఎవరైనా నిద్రమాని తిరుగుతుంటే నాలాంటి వాచీ కోసం ఆగకండి. పక్కన కూర్చుని అడగండి. టెలి-మానస్ నంబరు 14416. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతారు.