ఉత్త చేతుల మెక్‌ఫీ

మా రోజుల్లో బంతి పట్టాలంటే ముందు చేతులు కుదరాలి. ఇప్పుడు ముందు షాపుకెళ్ళాలి. ఇక్కడ ఒహాయోలో మన తెలుగు పిల్లలు బేస్‌బాల్ కోచింగులో చేరిన రోజే భుజానికి ఇంత సంచీ! అందులో గ్లోవులు, మోచేతికి తొడుగు, బేసు మీదకి జారేటప్పుడు వేళ్ళు నలక్కుండా ఇంకో తొడుగు. తీరా బంతి వస్తే ఒంటిచేత్తో గ్లోవు చాపి నిలబడతారు. జారవిడిచావేం నాయనా అంటే, "గ్లోవు కొత్తది తాతయ్యా, ఇంకా సాగలేదు" అంటారు.

ఈ సిన్సినాటిలోనే బిడ్ మెక్‌ఫీ అని ఒకాయన ఉండేవాడు. 1882 నుంచి 1899 దాకా 18 సీజన్లు, ఒకే ఊరి జట్టు, ఒకే చోటు: సెకండ్ బేస్. తోటివాళ్ళంతా గ్లోవులు తొడిగినా ఆయన 1896 దాకా ఉత్త చేతులతోనే ఆడాడు. బంతి ఇప్పటిలాంటి బంతే, ఐదు ఔన్సుల పైన బరువు. సీజను మొదట్లో చేతులు ఉప్పునీళ్ళలో నానబెట్టి గట్టిపరుచుకునేవాడు. 1886లో బంతి పట్టి 529 మందిని అవుట్ చేశాడు. ఆ స్థానంలో ఒక సీజనుకి నేటికీ అదే రికార్డు.

ఉత్త చేతులతో పట్టడానికి మొండితనం ఒక్కటే చాలదు. బంతికి ఎదురు వెళ్ళాలి, రెండు చేతులూ కలపాలి, తగిలే క్షణంలో చేతుల్ని వెనక్కి లాగుతూ దాని ఊపు చంపాలి. మా ఊళ్ళో కార్కు బంతితో క్రికెట్ ఆడినవాళ్ళం, మాకు ఆ మంట తెలుసు. చెయ్యి బిగిస్తే బంతి ఎగిరిపోతుంది, అరచెయ్యి ఎర్రబడుతుంది. ఆ నొప్పే మాకు కోచింగు.

ఆఖరికి వేలి దెబ్బతో మెక్‌ఫీ గ్లోవు తొడిగాడు. ఆ ఏడాది ఆయన ఫీల్డింగ్ సగటు .978. గ్లోవు సాయం చెయ్యదని నేననను. పని నేర్చిన చేతికి చేస్తుందంటాను. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, 1975, 76ల్లో వరుసగా మోస్ట్ వాల్యుబుల్ ప్లేయరైన జో మోర్గాన్ కూడా ఇదే జట్టుకి ఇదే స్థానంలో ఆడాడు. ఆయన గ్లోవు ఎంత చిన్నదో! చిన్నదైతే బంతి లోపల చిక్కుకోదు, చటుక్కున చేతికొస్తుంది.

మెక్‌ఫీని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చేసరికి 2000 సంవత్సరం వచ్చింది. ఆయన పోయిందేమో 1943లో. అంత ఆలస్యం చెయ్యడం అన్యాయం.

అమ్మల్లారా, అయ్యల్లారా! పిల్లలకి గ్లోవు కొనేముందు కొన్నాళ్ళు మెత్తటి బంతిని ఉత్త చేతులతో పట్టనివ్వండి. కొనేది తర్వాతైనా కొనొచ్చు.