అటక మీది ఈసీ టీవీ ఆత్మకథ

ఈ ఆత్మకథకు కర్త గన్నవరంలోని ఒక పెంకుటింటి అటక మీద ఉన్న నలుపు తెలుపు ఈసీ టీవీ. ఇంటివారు తనను ఏనాడూ ‘అది’ అని తప్ప పిలవనందున, ఆ టీవీ తన చరిత్రను ప్రథమ పురుషలోనే చెప్పుకొంటున్నది.

1967లో హైదరాబాదులో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా దాని పుట్టిల్లు. దాని ప్రాణమంతా పిక్చర్ ట్యూబులో, అనగా గాలి తీసివేసిన గాజు బుడ్డిలో ఉన్నది. బుడ్డి మెడలో పుట్టిన ఎలక్ట్రాన్ల ధార, రాగి తీగచుట్ల అయస్కాంత బలానికి వంగుతూ, ఫాస్ఫర్ అనే వెలుగునిచ్చే పూత ఉన్న తెర మీద 625 గీతల బొమ్మను సెకనుకు 25 సార్లు గీసేది.

విజయవాడ వైపు తిప్పిన అల్యూమినియం యాంటెన్నాతో ఆ పెట్టె అనుభవించిన వైభవానికి శిఖరం, 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 వరకు సాగిన రామానంద సాగర్ హిందీ ధారావాహిక ‘రామాయణ్’. హిందీ రాకపోయినా కథ తెలిసిన జనం ఆదివారం ఉదయం వరండా నిండా కూర్చొనగా, కొందరు తెరకు కర్పూర హారతి కూడా ఇచ్చేవారు. అయితే అదే జనం, బొమ్మ పైకి జారిపోతే వెర్టికల్ హోల్డు అనే మరను తిప్పి నిలపవలసి ఉండగా, పెట్టె నెత్తిన అరచేత్తో కొట్టడమే వైద్యమని నమ్మేవారు. హారతి పట్టిన చేతే దెబ్బ కూడా వేసిందన్న సంగతిని ఆ పెట్టె నేటికీ మరువలేదు.

1990 మే నెల తుపానులో వంగిన యాంటెన్నాను ఎవరూ తిరిగి నిలబెట్టలేదు. 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలయ్యేనాటికి ముందుగదిలో కలర్ టీవీ కుదురుకొనగా, పాత పెట్టె మొదట పూలకుండీకి పీట అయి, తరువాత వంటింటి మూలకు చేరి, చివరకు ఖాళీ ఆవకాయ జాడీల పక్కన అటకెక్కింది. యాంటెన్నా గొట్టాలు పెరటిలో బీరపాదుకు ఊతమయ్యాయి. పెట్టె చెక్క తలుపుల సందుల్లో ఎలుకలు కాపురం పెట్టాయి. ఏటా భోగికి ముందు బూజు దులిపేవారు జాడీలను కిందికి దించి కడిగేవారు గాని, పెట్టెను పక్కకు జరిపి ఊరుకొనేవారు.

ఒక సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మనుమలు గన్నవరం విమానాశ్రయంలో దిగినప్పుడు వారి సామానులో ఒక వీఆర్ హెడ్‌సెట్ ఉన్నది. కళ్లకు తొడుక్కొనే ఈ సాధనం రెండు కళ్లకూ స్వల్ప భేదం గల రెండు బొమ్మలను చూపగా, మెదడు వాటిని కలుపుకొని లోతును కల్పించుకొంటుంది. ఈ కిటుకును చార్లెస్ వీట్‌స్టోన్ 1838లోనే వివరించాడు. జాన్ లోగీ బైర్డ్ తన టెలివిజన్‌ను ప్రదర్శించినది 1926లో. కిటుకు వయసు లెక్కన హెడ్‌సెట్టే పెద్దదని పెట్టెకు తెలిసినా, అడిగినవారు లేరు.

అటక మీది పెట్టెను చూసిన ఒక మనుమడి ‘‘ఇది పనిచేస్తుందా తాతయ్యా?’’ అన్న ప్రశ్నకు ‘‘ఎప్పుడో చెడిపోయిందిరా’’ అని జవాబు వచ్చింది. మనుమడు పట్టుబట్టి ప్లగ్గు పెట్టగా తెర వెలిగి, హోరుతో చుక్కలు కదలాడాయి. దోషం పెట్టెది కాదు. దూరదర్శన్ తన పాత పద్ధతి భూతల ప్రసార కేంద్రాలను 2022 నాటికి దాదాపుగా మూసివేసినందున, అందుకోవడానికి ఆకాశంలో బొమ్మలే లేవు. పైగా ఆ చుక్కల్లో కొద్ది భాగం, 1965లో పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించిన విశ్వారంభ కాలపు వికిరణ శేషానిది. రామాయణం కంటే ఎంతో పాత ప్రసారాన్ని అందుకొంటున్న యంత్రాన్ని ఇంటివారు మళ్లీ చెడిపోయినదిగానే లెక్కగట్టారు.

ఇక దానికి మిగిలినది పాత సామాన్లవాడి బండి. అక్కడ రాగి తీగ కోసం సుత్తితో కొడితే, లోపల గాలి లేని గాజు బుడ్డి పేలినట్లు పగిలి ముక్కలు చిమ్ముతుంది. ఆ గాజులోని సీసం మట్టికీ నీటికీ విషం. అందువలన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన పునర్వినియోగ కేంద్రానికే దానిని చేర్చడం మంచిది. ముసలి యంత్రం చేసిన సేవకు మర్యాద దక్కకపోయినా, దానిలోని సీసానికి భయమైనా దక్కాలన్నదే ఈ ఆత్మకథ కోరిక.