నూటికి పది సెల్లులు

మా పాలమూరు వైపు ఈమధ్య కొత్త రకం ఆర్థికవేత్తలు తయారయ్యారు. గద్వాలలో పెళ్లి చీరకు వేలకు వేలు కిక్కురుమనకుండా లెక్కపెట్టి ఇస్తారు. వనపర్తిలో ఫంక్షన్ హాలు బిల్లు చూసి రెప్ప కూడా ఆర్పరు. నాగర్‌కర్నూల్ బజారులో గాజు పెట్టె వెనక కూర్చున్న వాచీల రిపేరు ఆయన "సెల్లుకు నూరన్నా" అన్నాడో, అప్పుడు లేస్తుంది వీళ్లలోని పొదుపు. "నూరా? ఆన్‌లైన్‌ల నూటికి పది వస్తయి గదనే!"

లెక్క తప్పని ఎవరన్నారు? నిజంగానే వస్తాయి. సన్నపాటి వాచీల్లో ఎక్కువగా పట్టేది 626 సైజు సెల్లు, వెడల్పు 6.8 మిల్లీమీటర్లు, మందం 2.6. నంబరు ముందు ‘ఎస్‌ఆర్’ అని ఉంటే సిల్వర్ ఆక్సైడ్, ‘ఎల్‌ఆర్’ అని ఉంటే ఆల్కలైన్. అట్టకు పదేసి అతికించి చౌకగా అమ్మేది సాధారణంగా ఈ రెండోదే. ‘ఏజీ4’ అనేది దాని మరో పేరు. కొలత ఒకటే కనుక గుణమూ ఒకటేనని మనవాళ్ల సిద్ధాంతం. సిల్వర్ ఆక్సైడ్ సెల్లు 1.55 వోల్టుల దగ్గర మొదలై దాదాపు చివరిదాకా అక్కడే నిలబడుతుంది. ఆల్కలైన్‌ది 1.5తో మొదలై రోజూ దిగుడే. మామూలు ముళ్ల వాచీకి కావలసిన కరెంటు, ఒక ఆంపియర్‌ను పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒకటి, అటూ ఇటూగా. అంత తక్కువ తిండితో అసలు సెల్లు రెండు మూడేళ్లు లాక్కొస్తుంది. చౌకది ముందే నీరసపడి, ఆపైన కారుతుంది. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్. అది తలవెంట్రుక కంటే సన్నని రాగి తీగ చుట్టను తిన్నాక మార్చాల్సింది సెల్లు కాదు, లోపలి మిషనే.

"అయితేనేం, ఇంకా తొమ్మిదున్నయి గదా!" అంటాడు మన మేధావి. ఉన్నాయి. బీరువాలో, రేషన్ కార్డు పక్కన, ఆయనతోపాటే ముసలివవుతున్నాయి. (ఇంట్లో పసిపిల్లలుంటే అక్కడ కూడా పెట్టకండి. సెల్లు మింగితే అన్నవాహిక కాలుతుంది, పరుగున ఆసుపత్రికి పోవాల్సిందే. ఇందులో వెటకారం లేదు.)

సెల్లు కొన్నాక శస్త్రచికిత్స. కూరగాయల కత్తితో వెనక మూత లేపుతారు. కత్తి జారి మూత మీద గీత, బొటనవేలి మీద ఇంకో గీత. ఇనుప పట్కారుతో సెల్లు రెండు ముఖాలూ కలిపి పట్టుకుంటారు, షార్టవుతుందని ఎవరో ఒకరు చెప్పేదాకా. కొన్ని డిజిటల్ వాచీల్లో ‘ఏసీ’ అని రాసిన చోటును సెల్లు ప్లస్ వైపుకు ఒకసారి తాకించాలి. అది తెలియక, బతికున్న వాచీకి మరణ ధ్రువీకరణ ఇచ్చేస్తారు. మూత తిరిగి పట్టదు. పట్టినా లోపలి రబ్బరు రింగు మెలిపడి ఉంటుంది. తొలకరికి అద్దం లోపల ఆవిరి పడితే "కంపెనీ మాల్ మంచిది గాదు" అని తీర్పు.

వీళ్లలో ఇంకో శాఖ ఉంది. వీళ్లు సెల్లు మార్చరు, ఆదా చేస్తారు. రాత్రి పడుకునే ముందు పక్కనున్న పిన్ను బయటికి లాగి వాచీని ఆపేస్తారు. మోటారు ఆగితే సెల్లు ఖర్చు తగ్గే మాట నిజమే. మరి పొద్దున లేచి టైం ఎట్లా పెట్టుకుంటారు? ఫోన్ చూసి! ఆ ఫోన్‌కు రోజూ చార్జింగు, నెల తిరిగేసరికి రీచార్జి. ఆ లెక్క మాత్రం ఎవరూ అడగరాదు.

అసలు సెల్లు ఖర్చే ఉండకూడదనుకుంటే దారి ఎప్పటినుంచో ఉంది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్‌ఎంటీ బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. వాళ్ల ‘జనతా’ వాచీకి సెల్లు అక్కర్లేదు, పొద్దున్నే కీ ఇస్తే చాలు. ఆ కీ ఇచ్చే బాధ పడలేకే కదా దాన్ని పెట్టెలో పడేసి క్వార్ట్జ్‌కు ఎగబడ్డాం! 2016లో కేంద్రం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. అప్పుడు స్టేటస్‌లు పెట్టి ఏడ్చినవాళ్లలో మన పొదుపరులు కూడా ఉండే ఉంటారు.

అయితే వీళ్ల అనుమానానికి ఒక మూల న్యాయం లేకపోలేదు. ఎల్‌ఆర్ వేసి ఎస్‌ఆర్ ధర తీసుకునే దుకాణాలూ ఉన్నాయి. దానికి మందు కూరగాయల కత్తి కాదు, నోరు. "ఎస్‌ఆర్ సెల్లే వెయ్యన్నా, అట్ట నా ముందర చింపు" అని అడగండి. రబ్బరు రింగు చూడమనండి. వాచీ ఆగిపోతే, పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, పాత సెల్లు అదే వారంలో తీయించేయండి. ఆ నూరు రూపాయలు ఆయన చేతిలో పెట్టి, బేరం ఫంక్షన్ హాలు దగ్గర ఆడండి.